మనిషికి రోజుకు అర కిలో కూరలు, పండ్లు: ఎవరింట్లో తింటున్నారు?

సింగ్‌నగర్_శీను
మొన్న మా ఆవిడకు రక్తం తక్కువగా ఉందంటే డాక్టరమ్మకు చూపించాను. మందులు రాసి, "ఆకుకూరలు, కూరగాయలు, పండ్లు బాగా తినాలి. ఈమె ఒక్కతే కాదు, ఇంటిల్లిపాదీ తినండి. మనిషికి రోజుకు అర కిలో" అన్నారు. తల ఊపి బయటికొచ్చి, బండి స్టార్ట్ చేయకుండానే లెక్క వేశాను. మేం నలుగురం. రోజుకు రెండు కిలోలు. నెలకు అరవై కిలోలు! నాది ఆటోనగర్‌లో లేత్ పని. నెలకు 18,000. అద్దె 5,500. పిల్లల ఫీజులు, గ్యాసు, పెట్రోలు, చీటీ పోగా మిగిలేదెంతో మీరే ఊహించుకోండి. ఇప్పుడు మేం కొనేది రోజుకు ముప్పాతిక కిలో, అదీ ఉల్లిపాయలతో కలిపి. పండ్లంటే శుక్రవారం పూజకు తెచ్చే అరడజను అరటిపండ్లే. డాక్టరమ్మది తప్పని అనను. కానీ ఈ అర కిలో ఎవరింట్లో తింటున్నారు? చదువుకున్నోళ్లు, డబ్బున్నోళ్లు నిజంగా తింటున్నారా, లేక మాకు చెప్పడం వరకేనా?

పటమట_పద్మ
మేమిద్దరం ఉద్యోగస్తులమే. ఫ్రిజ్ నిండా కూరగాయలుంటాయి. ఆదివారం రైతుబజారులో కొంటాను, శనివారం పారేస్తాను. మా అర కిలో సంగతి అది.

బ్రాడీపేట_4/7
పద్మగారూ, మా ఇల్లెప్పుడు చూశారు?

బందరురోడ్డు_బాబు
ఇది డబ్బు సమస్య కాదన్నా, అలవాటు సమస్య. ఫోన్ రీచార్జికి ఉంటాయి, సినిమాకు ఉంటాయి, ఆదివారం బిర్యానీకి ఉంటాయి. జామకాయల దగ్గరికొచ్చేసరికి ఉండవు. నేను రోజూ పొద్దున అవకాడో, కివీ, నానబెట్టిన బాదం తింటా. ఆఫీసులో అందరికీ చెబుతుంటా.

గోంగూర_గుంటూరు
ఆవకాయ తిని పెరిగినోడు అవకాడో దగ్గరికొచ్చాడు. అక్షరాలు పెద్దగా మారలేదులే.

సింగ్‌నగర్_శీను
బాబు అన్నా, నేను సినిమాకు వెళ్లి రెండేళ్లయింది. రీచార్జి లేకపోతే మా పిల్లకు స్కూల్ వాళ్లు పంపే హోంవర్క్ రాదు.

లెక్కల_మాస్టారు
శీనూ, ఆ అర కిలో డాక్టరమ్మ ఊహించి చెప్పింది కాదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార సూచనలు విడుదల చేసింది. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు ఉండాలన్నారు. బియ్యం, గోధుమలు, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములే. అంటే తూకంలో బియ్యం కంటే కూరగాయలే ఎక్కువ. మనం కంచం నిండా అన్నం పెట్టుకుని పక్కన గరిటెడు కూర వేసుకునేవాళ్లం. అంతా తలకిందులు చేయాలి.

ఇప్పుడు నీ లెక్క. నలుగురికి 1,600 గ్రాముల కూరగాయలు, కిలో సగటున 40 అనుకుంటే 64 రూపాయలు. 400 గ్రాముల పండ్లు, కిలో 80 అనుకుంటే 32. రోజుకు 96, నెలకు 2,880. నీ జీతంలో సరిగ్గా 16 శాతం. అద్దె తర్వాత పెద్ద ఖర్చు ఇదే అవుతుంది. బాబు జీతం నాకు తెలియదు కానీ, లక్ష ఉంటే అదే రెండు కిలోలు అతనికి మూడు శాతం లోపే. కాబట్టి "డబ్బు సమస్య కాదు" అనే మాట మూడు శాతం ఉన్నోడికి సులువుగా వస్తుంది.

గోంగూర_గుంటూరు
మాస్టారూ, చిన్న డౌటు. గోంగూర పచ్చడి ఆకుకూరల్లోకి వస్తుందా? వచ్చేటట్టయితే మా ఇంట్లో తలకు కిలో పైనే తింటున్నాం.

న్యూట్రిషన్_చదువుతున్నా
రాదండీ. జాడీలోంచి తీసుకునే ఒక ముద్దలో ఆకు ఎంత, ఉప్పు ఎంత, నూనె ఎంత? రోజంతటికీ ఉప్పు 5 గ్రాములు దాటకూడదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఇంకో చేదు వార్త. పండ్లు, కూరగాయలు కలిపి కనీసం 400 గ్రాములు అని వాళ్లు చెప్పే లెక్కలో బంగాళదుంప కూడా రాదు. అది పిండి పదార్థం కింద అన్నం పక్కన కూర్చుంటుంది.

కొత్తపేట_కుర్రోడు
అయితే మా హాస్టల్లో వారానికి నాలుగు రోజులు కూరే లేదన్నమాట.

న్యూట్రిషన్_చదువుతున్నా
శీను గారు అడిగిన దానికి వస్తాను. 2016లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో 18 దేశాల మీద ఒక పరిశోధన వచ్చింది. మన దేశమూ అందులో ఉంది. ఒక మనిషికి రోజుకు రెండు సర్వింగుల పండ్లు, మూడు సర్వింగుల కూరగాయలు (సర్వింగ్ అంటే ఒకసారి వడ్డించుకునేంత) కొనాలంటే పేద దేశాల్లో ఇంటి ఆదాయంలో 52 శాతం అవుతుందని తేల్చారు. ఒక్క మనిషికే! ధనిక దేశాల్లో అది 2 శాతం. పేద దేశాల వాళ్లు తింటున్నది కూడా రెండూ కలిపి రోజుకు రెండు సర్వింగుల చిల్లరే. మనది ఆ పేద దేశాల గుంపులోనే లెక్కేశారు.

బందరురోడ్డు_బాబు
52 అంటున్నారు, మాస్టారు 16 అంటున్నారు. ఏది కరెక్టు?

లెక్కల_మాస్టారు
నాది సింగ్‌నగర్‌లో నెలజీతం వచ్చే ఒక్క ఇంటి లెక్క, ఇప్పటి నా అంచనా ధరలతో. ఆ 52 శాతం లెక్కలో పల్లెల వాళ్లూ ఉన్నారు, పైగా ఆ వివరాలు పాతవి. రెండూ ఒక కాటాలో వేసి తూచకూడదు. కానీ కాటా ఎటు మొగ్గుతుందో రెండింట్లోనూ ఒకటే.

తాడేపల్లి_కౌలురైతు
కృష్ణ లంకల్లో ఎకరంన్నర కౌలుకు చేస్తున్నా. వంగ, బెండ, కాస్త అరటి. మీరందరూ కొనేవాళ్ల వైపు నుంచి మాట్లాడుతున్నారు. 2023 జులైలో టమాటా 200 దాటినప్పుడు టీవీలో చూసి మా బావమరిది ఫోన్ చేశాడు, "లక్షలు సంపాదించావటగా" అని. ఆ నెల నా చేలో ఒక్క టమాటా మొక్క లేదు. అంతకు ముందు ఏడాది వేస్తే కోత కూలి కూడా రాక చేలోనే వదిలేశాను, అందుకే మళ్లీ వేయలేదు. కూరగాయలు చవకైతే నేను ఏడుస్తా, ఖరీదైతే శీను ఏడుస్తాడు. మధ్యలో నవ్వేవాడు ఎవడో ఇంతవరకు దొరకలేదు.

ఇక తినడం సంగతంటారా, మేం తినేది కాటా మీదికి ఎక్కనిది. పుచ్చు వంకాయ, ముదిరిన బెండకాయ, గెలలో చివరి అత్తం. అయినా చెబుతున్నా, కూరకు మాత్రం లోటు లేదు. చేను గట్టు మీద తోటకూర, గంగవాయిలి కూర ఎవరూ నాటకుండానే వస్తాయి. యాపిల్ మాత్రం మా అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు చూశాను.

వన్‌టౌన్_వలి
ఆ చివరి మాట దగ్గర ఆగాను. మా చిన్నప్పుడు పండు అంటే జ్వరమే. ఎవరికైనా బాగోలేకపోతే బత్తాయిలు వచ్చేవి. రోగికి రసం తీసి ఇచ్చేవాళ్లు, మాకు పిప్పి. బత్తాయి వాసన వస్తే ఇప్పటికీ నాకు ఆస్పత్రి గుర్తొస్తుంది. రోజూ తినేది అని ఎవరూ అనుకోలేదు.

బ్రాడీపేట_4/7
నిజమే వలీ. ఇప్పటికీ పండ్ల కొట్లు చూడు, గుడి ముందు ఉంటాయి, లేదంటే ఆస్పత్రి ముందు. దేవుడికి, లేదంటే రోగికి. మధ్యలో బాగున్న మనిషికి పండు కొనివ్వాలని ఎవరికీ తోచదు.

వన్‌టౌన్_వలి
ఇంకో సంగతి. బాబు అన్నది పూర్తిగా తీసిపారేయలేను. రంజాన్ నెలలో మా వీధిలో రిక్షా తొక్కేవాళ్లింట్లో కూడా సాయంత్రం పళ్లెం నిండా పండ్లుంటాయి. ఖర్జూరం, పుచ్చకాయ, బొప్పాయి, అరటి. మిగతా పదకొండు నెలలూ వచ్చేది అదే సంపాదన. మరి ఆ నెల ఎలా కుదురుతోంది?

పటమట_పద్మ
అలవాటు, అందరూ కలిసి తినడం, ఫలానా టైముకి పండు అనే నియమం... ఇవన్నీ ఉండటం వల్లేమో.

వన్‌టౌన్_వలి
అవన్నీ ఉన్నాయి. దాంతోపాటు అప్పు కూడా ఉంది అక్కా. పండగ వెళ్లాక రెండు నెలలు తీరుస్తాం.

కర్రీపాయింట్_కుమారి
కృష్ణలంకలో పదేళ్లుగా కర్రీ పాయింట్ నడుపుతున్నా. ఎవరేం తింటారో నన్నడగండి. ఒకటో తారీఖు నుంచి పది దాకా చికెన్, రొయ్యలు, గుత్తివంకాయ. ఇరవై దాటితే పప్పు, సాంబారు, రసం. రెండు ప్యాకెట్లు తీసుకునేవాళ్లు ఒకటి తీసుకుని "కాస్త ఎక్కువ పోయక్కా" అంటారు. సొరకాయ, పొట్లకాయ వండిన రోజు సగం మిగిలిపోతుంది, అవి మా ఇంట్లోనే తింటాం. దొండకాయ వేపుడు, బంగాళదుంప వేపుడు గంటలో అయిపోతాయి. చదువుకున్నోళ్లు వేరే తింటారనుకుంటే పొరపాటు. తాపీమేస్త్రీ, బ్యాంకు ఆయన ఒకే వేపుడు అడుగుతారు. తేడా ఒక్కటే, బ్యాంకు ఆయన "నూనె తక్కువ వేయండి అమ్మా" అంటాడు. తక్కువ వేసిన రోజు "ఇవాళ రుచి లేదేంటి" అనేది కూడా ఆయనే.

లెక్కల_మాస్టారు
కుమారి గారు కళ్లతో చూసింది సర్వేలోనూ ఉంది. 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వేలో పట్టణాల వాళ్లు మొత్తం ఖర్చులో 39 శాతం తిండికి పెడుతుంటే, పల్లెల వాళ్లు 46 శాతం పెడుతున్నారు. పట్టణాల్లో కూరగాయలకు పోయేది 4 శాతం కూడా లేదు. పానీయాలు, చిరుతిళ్లు, ప్యాకెట్ తిండి, వండి అమ్మే తిండి కలిపి 10 శాతం దాటింది. చేతిలో నాలుగు రూపాయలు ఎక్కువైతే అవి బీరకాయ దగ్గరికి వెళ్లడం లేదు.

బందరురోడ్డు_బాబు
అదే కదా నేను మొదట్నుంచీ చెబుతున్నది!

లెక్కల_మాస్టారు
నువ్వు చెప్పింది శీను గురించి. నేను చెబుతున్నది నీ గురించి, నా గురించి.

పటమట_పద్మ
మా ఇంట్లో కొనడం సమస్య కాదు, తరగడం సమస్య. సాయంత్రం ఏడింటికి ఇల్లు చేరాక గోరుచిక్కుడు ఈనెలు తీస్తూ కూర్చునే ఓపిక ఎవరికుంది? తోటకూర ఏరి, కడిగి, తరిగేసరికి అరగంట. వండాక గుప్పెడు. కోడిగుడ్లు నాలుగు పగలగొడితే ఐదు నిమిషాల్లో కూర. నేను ఎమ్మెస్సీ చేశాను, విటమిన్ల పేర్లన్నీ వచ్చు. మా అత్తగారు మూడో తరగతి. ఆవిడ ఊరి నుంచి వచ్చిన పది రోజులే మా ఇంట్లో బచ్చలి, పొన్నగంటి, మునగాకు కనిపిస్తాయి. ఆవిడ వెళ్లిన మర్నాడు నూడుల్స్. చదువుతో తిండి బాగుపడుతుందనే మాట మా ఇంట్లో రుజువు కాలేదు.

బ్రాడీపేట_4/7
మా నాన్న గుమస్తా. మేం ఆరుగురు పిల్లలం. ఇప్పటి లెక్కల్లో చూస్తే శీను కంటే పేదవాళ్లం. కానీ అద్దె ఇంటికి కూడా పెరడు ఉండేది. పందిరి మీద సొరపాదు, గోడవారన బచ్చలి, మూలన మునగచెట్టు, బావి దగ్గర అరటి, జామ. మేం కొనేవి ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, ఎప్పుడైనా వంకాయలు. కరివేపాకు కొనడమంటే మా అమ్మకు పరువు తక్కువ. ఆ పెరడు మా నాన్నకు రెండో జీతం అని ఇప్పుడు అర్థమవుతోంది. ఆ స్థలంలో ఇవాళ ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంది. కుండీలో కొత్తిమీర వేస్తే కింది ఫ్లాటు ఆయన నీళ్లు కారుతున్నాయని గొడవ.

సింగ్‌నగర్_శీను
మా ఓనరు కుండీ కూడా పెట్టనివ్వడు బాబాయ్. శ్లాబు పాడవుతుందట.

చుట్టుగుంట_చిన్ని
అంగన్‌వాడీలో పనిచేస్తాను. చదువు పనికిరాదని పద్మక్క తేల్చేశారు, నేను ఒప్పుకోను. మా వీధిలో పదో తరగతి చదివిన తల్లికీ, అసలు చదవని తల్లికీ కూరగాయల గురించి తెలిసింది ఒకటే. మునగాకు మంచిదని ఇద్దరికీ తెలుసు. తేడా ఎక్కడొస్తుందంటే, చదివిన పిల్ల మొగుణ్ని డబ్బులు అడగగలుగుతుంది. "నాకు రక్తం తక్కువుందని రాశారు, ఇదిగో చీటీ, పండ్లు తెండి" అని చూపిస్తుంది. చదవని పిల్ల ఆ కాగితాన్ని బియ్యం డబ్బా కింద దాచిపెడుతుంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఉంది, 2019-21 నాటిది, అందులో కూడా ఆడవాళ్లలో పండ్లు తినేవాళ్లు చదువు పెరిగేకొద్దీ, ఇంటి స్థితి పెరిగేకొద్దీ పెరుగుతూనే ఉన్నారు.

ఇంకోటి. అర కిలో అని ఇంటికి తెస్తే అది అందరి కంచాల్లోకీ సమంగా వెళ్తుందనుకుంటున్నారు మీ మగవాళ్లు. యాపిల్ కోస్తే మొదటి ముక్కలు పిల్లాడికి, తర్వాత మీకు. గింజల చుట్టూ మిగిలింది ఆమెకు. కూర కూడా అంతే, ఆఖరున తినేవాళ్లకు గిన్నె అడుగున రసమే.

కొత్తపేట_కుర్రోడు
ఇది చదివి మా అమ్మకు ఫోన్ చేశాను. "ఎందుకురా పొద్దున్నే చేశావు, డబ్బులైపోయాయా" అంది.

చుట్టుగుంట_చిన్ని
అయిపోయాయా మరి?

కొత్తపేట_కుర్రోడు
అయిపోయాయి.

న్యూట్రిషన్_చదువుతున్నా
చిన్నిగారూ, మీ వీధిలో బొప్పాయి గొడవ లేదా? మా క్లాసులో అందరం డిగ్రీ చేసినవాళ్లమే. అయినా "అరటిపండు తింటే జలుబు, బొప్పాయి వేడి, రాత్రి పెరుగూ పండూ వద్దు" అని అందరిళ్లలోనూ ఉంది.

చుట్టుగుంట_చిన్ని
లేకేం. గర్భిణి అయితే బొప్పాయి పేరు కూడా ఎత్తనివ్వరు. పచ్చికాయ పాలు వేరు, బాగా పండింది వేరు అని చెబుతూనే ఉంటాను. ఆ ఒక్కటి మానేస్తే పోయేదేం లేదు కానీ, దాంతో మొదలుపెట్టి వంకాయ, గుమ్మడికాయ, ఆకుకూర అన్నీ మాన్పిస్తారు. బాలింతకు కారప్పొడి అన్నమే పథ్యం.

బ్రాడీపేట_4/7
మాదింకో రకం పథ్యం. రిటైరైనవాళ్లం పొద్దున్నే పార్కులో కలుస్తాం. అందరికీ షుగరే. అందరూ పండ్లు మానేశారు. జామకాయ కూడా ముట్టరు. వాకింగ్ అయ్యాక టీకొట్టు దగ్గర ఒక్కొక్కరూ నాలుగు బిస్కెట్లు టీలో ముంచుకుని తింటారు, "షుగర్‌లెస్ టీ" అని చెప్పి మరీ. అందులో ఇద్దరు ప్రొఫెసర్లు.

గోంగూర_గుంటూరు
మామిడికాయల సీజన్లో ఏం చేస్తారు బాబాయ్?

బ్రాడీపేట_4/7
ఆ రెండు నెలలూ మాకు షుగరు ఉండదు. నూజివీడు రసాలు వచ్చాక పథ్యమేంటి.

న్యూట్రిషన్_చదువుతున్నా
శీను గారూ, మీకు పనికొచ్చే మాటలు రెండు. పండు అనగానే యాపిల్ అనుకోకండి. జామలో 100 గ్రాములకు విటమిన్ సి 200 మిల్లీగ్రాములు పైనే ఉంటుంది, యాపిల్‌లో పది కూడా ఉండదు. ఆ సి విటమిన్ ఆకుకూరల్లోని ఐరన్ ఒంటికి పట్టడానికి సాయం చేస్తుంది. కాబట్టి తోటకూర పప్పు మీద నిమ్మకాయ పిండండి, లేదా భోజనం అయ్యాక సగం జామకాయ. తిన్న వెంటనే టీ మాత్రం వద్దు, అది ఐరన్‌ను పట్టనివ్వదు. మాత్రలు మానకండి, ఇవి వాటికి తోడు మాత్రమే.

తాడేపల్లి_కౌలురైతు
సాయంత్రం బజారుకు వెళ్లు శీను. వెనక్కి మోసుకెళ్లే బదులు ఎంతోకంతకు ఇచ్చేద్దామని చూస్తాం. ఆకుకూర అయితే రాత్రికి వాడిపోతుంది, బేరం లేకుండానే ఇస్తాం. పొద్దున పది రూపాయలకు మూడు కట్టలిచ్చిన చేత్తోనే సాయంత్రం ఆరు ఇస్తాను.

బందరురోడ్డు_బాబు
సరే, ఒప్పుకుంటున్నా. నిన్న యాప్‌లో నా ఆర్డర్లు వెనక్కి చూశాను. నెలలో అవకాడో మూడు. చిప్స్, కూల్‌డ్రింకులు ఎన్నో చెప్పను.

పటమట_పద్మ
చెప్పు బాబూ, మేమే కదా.

బందరురోడ్డు_బాబు
ముప్పై ఒకటి.

సింగ్‌నగర్_శీను
రెండు వారాలయింది, ఏమైందో చెబుదామని వచ్చాను. మాస్టారు లెక్క చూశాక మా ఆవిడ నోటుబుక్కులో రోజు ఖర్చు రాయడం మొదలుపెట్టింది. బాబు అన్నలాగే మాకూ దెబ్బ తగిలింది. పిల్లలకు స్కూల్ నుంచి వచ్చాక తలా ఒక పది రూపాయల ప్యాకెట్. రోజుకు 20, నెలకు 600. అది కనిపించేదే కాదు. అందులో సగం రోజులు ఆపి జామకాయలు, చక్కెరకేళీలు తెస్తున్నాను. మిగతా సగం ఆపలేకపోయాను, చిన్నోడు ఏడుస్తాడు. పని అయ్యాక సాయంత్రం బజారుకు వెళ్తున్నా. తోటకూర, పాలకూర బాగానే దొరుకుతున్నాయి, కాస్త వాడినవి. ఇప్పుడు రోజుకు కిలోంపావు అవుతోంది. మనిషికి 300 గ్రాములు దాటింది. అర కిలోకు ఇంకా దూరమే, నెలాఖరున ఇదీ తగ్గుతుందేమో చూడాలి.

లెక్కల_మాస్టారు
ముప్పాతిక నుంచి కిలోంపావు అంటే తక్కువేం కాదు. నా స్టూడెంట్లు ఇంత పెరిగితే పార్టీ అడుగుతారు.

చుట్టుగుంట_చిన్ని
అదంతా బాగుంది అన్నా. వదిన తింటోందా?

సింగ్‌నగర్_శీను
అక్కడే ఆగిపోయింది చెల్లీ. ఆమె వాటా జామకాయ పొద్దున చిన్నోడి బాక్సులో కనిపిస్తోంది. నువ్వు రాసింది చదివాక నిన్న ఎదురుగా కూర్చుని తినమన్నాను. "నువ్వు తిన్నావా" అని నన్నడిగింది. తిన్నానని చెప్పాను.

చుట్టుగుంట_చిన్ని
తిన్నావా?

సింగ్‌నగర్_శీను
లేదు.

కర్రీపాయింట్_కుమారి
రేపు తోటకూర పప్పు, సొరకాయ పాలు పోసిన కూర చేస్తున్నా. నూనె తక్కువే. కృష్ణలంక వైపు వచ్చేవాళ్లు ఎవరైనా రుచి లేదంటే మాత్రం ఊరుకోను. శీనూ, నీకు రెండు ప్యాకెట్లు పక్కన పెడతా, ఇద్దరూ చెరొకటి తినండి, పిల్లలకు పెట్టొద్దు.